ఏ రేవు దాటి వచ్చారు?

ఇంటికి చుట్టాలెవరొచ్చినా మా మామ్మ కాళ్లకు నీళ్లిచ్చి, మంచినీళ్ల చెంబు చేతికందించి, వాళ్లు అరుగు మీద చతికిలబడ్డాక అడిగే మొదటి మాట ఒకటే: “ఏ రేవు దాటి వచ్చారు?” ఊరి పేరు అడిగేది కాదు. రేవు చెబితే చాలు, మిగతాది ఆవిడే అల్లుకునేది. కోటిపల్లి రేవంటే రామచంద్రపురం వైపు మనుషులు. ఎదుర్లంక అంటే యానాం, కాకినాడ. దిండి అంటే పాలకొల్లు. సఖినేటిపల్లి అంటే నరసాపురం. మా ఊరు అంబాజీపేటకు కూతవేటు దూరం. బయటివాళ్లు ఏ దిక్కు నుంచి రావాలన్నా గోదావరి దాటాల్సిందే, లేదా సముద్రం మీద నుంచి రావాలి. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు సోషల్ పాఠాలు చెప్పాను. కోనసీమను అంతకన్నా పొట్టి మాటలో చెప్పడం నాకు చేతకాలేదు.

ఆ మాట మళ్లీ నాకు గుర్తొచ్చింది ఇంగ్లండులో. మా అమ్మాయి సర్రే అనే కౌంటీలో ఉంటుంది. కౌంటీ అంటే మన జిల్లాలాంటిదే. 2019లో దాని పురుటికి వెళ్లి ఐదు నెలలు ఉన్నాను. వాళ్ల పేటలో లైబ్రరీ ఉంది. ఒక శనివారం సాయంత్రం అక్కడ పెద్దవాళ్లంతా చేరి ‘మన కౌంటీ గురించి మీకెంత తెలుసు’ అని ప్రశ్నల పోటీ పెట్టుకున్నారు. పసిపిల్ల నిద్రపోతోంది కదా అని మా అమ్మాయి నన్ను కూడా తీసుకెళ్లింది. 1215లో ఇంగ్లండు రాజు మాగ్నా కార్టాకు ముద్ర వేసిన మైదానం ఏది? కోడికి నాలుగు వేళ్లుంటాయి కదా, ఐదు వేళ్లుండే మన కోడి జాతి ఏది? వెయ్యి అడుగులకు కాస్త తక్కువైన కొండ మీద 1765లో బురుజు కట్టి ఆ లోటు తీర్చింది ఎక్కడ? డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లు పెన్సిళ్లు పట్టుకుని చిన్నపిల్లల్లా తలలు వంచి రాసుకుంటున్నారు. జవాబులు చెప్పేటప్పుడు వాళ్ల మొహాల్లో వెలుగు చూశాను. కొండ, కోడి, మైదానం, ఏది అడిగినా అది వాళ్లది. నాకు ఒళ్లంతా ఒక రకమైన తహతహ పట్టుకుంది. మా కోనసీమ గురించి ఇలా అడిగితే మా పిల్లలు ఎన్నింటికి చెప్పగలరు?

ఆ ఐదువేళ్ల కోడిని డార్కింగ్ కోడి అంటారు. డార్కింగ్ అనేది ఆ కౌంటీలో ఒక చిన్న పట్నం. ఆ పేరు వినగానే నేను ఉలిక్కిపడ్డాను. ఎన్నో ఏళ్లు నల్లబల్ల మీద రాసిన పేరది. గోదావరికి ఆనకట్ట కట్టించిన మన కాటన్ దొర, సర్ ఆర్థర్ కాటన్, 1899 జూలైలో కన్నుమూసింది ఆ డార్కింగులోనే. 1803లో పుట్టాడు, తొంభై ఆరేళ్లు బతికాడు. సమాధి కూడా అక్కడే. మర్నాటి ఆదివారం అల్లుడు కారులో తీసుకెళ్లాడు. దారిలో దుకాణంలో ఒక కొబ్బరికాయ కొన్నాను. ఏ దేశం కాయో ఏమో, పీచంతా గీకేసి నున్నగా ఉంది. సమాధి దగ్గర కొట్టడానికి చెయ్యి రాలేదు. అక్కడ పెట్టి, దణ్ణం పెట్టుకుని వచ్చేశాను. మా ఇంట్లో చేనికి నీళ్లొదిలే ముందు మా నాన్న ఆయన పేరు తలుచుకునేవారు.

ఇంటికి తిరిగొచ్చాక మా ఊరి గ్రంథాలయంలో పిల్లల కోసం ఒక ప్రశ్నల పోటీ మొదలుపెట్టాను. ఏటా వేసవి సెలవుల్లో జరుపుతాం. ఆ ప్రశ్నలు కూర్చుకుంటూ నేను నేర్చుకున్నవే ఈ కబుర్లు.

మొట్టమొదటి ప్రశ్న ఎప్పుడూ నీళ్ల గురించే. ధవళేశ్వరం దిగువన గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వశిష్ఠ. వశిష్ఠ మళ్లీ గన్నవరం దగ్గర చీలి వైనతేయ అవుతుంది. గౌతమికీ వశిష్ఠకీ సముద్రానికీ మధ్య చిక్కిన నేల కోనసీమ. చుట్టూ ఇన్ని నీళ్లున్నా 1852కు ముందు ఇక్కడి రైతుకు నీళ్లకు దిక్కులేదు. వరదొస్తే చేను మునిగేది, వరద తీస్తే నది ఎక్కడో లోతున పారేది, చేను ఎండేది. 1833 నాటి నందన కరువు మాట మా మామ్మ వాళ్ల ఇళ్లలో వందేళ్ల తర్వాత కూడా చెప్పుకునేవారట. అన్నం పారేసిన పిల్లలకు “నందన నాటివాళ్లు చూస్తే ఏడుస్తారే” అని బెదిరింపు.

ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, నది మధ్య లంకలను కలుపుకుంటూ కట్టారు. రాయి ధవళేశ్వరం కొండదే. పిల్లలు ఇక్కడి దాకా గబగబా చెప్పేస్తారు. కాటన్ పక్కన నిలబడి పని నడిపించిన తెలుగు ఇంజనీరు ఎవరని అడిగితే మాత్రం గది నిశ్శబ్దం. ఆయన వీణం వీరన్న. ఆ పనికే రాయబహద్దూరు బిరుదు పొందిన మనిషి. కాటన్ విగ్రహాలు ఊరూరా ఉన్నాయి, ఉండాల్సినవే. వీరన్న పేరు కూడా ప్రతి పిల్లాడి నోట పలకాలని నా పట్టుదల. ఇక ఆ రాళ్లు కొట్టినవాళ్లు, మట్టి మోసినవాళ్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. పిల్లలను వాళ్ల కోసం ఒక నిమిషం లేచి నిలబడమంటాను.

ఆనకట్ట కన్నా నాకు గన్నవరం అక్విడక్టు ఎక్కువ ఇష్టం. ఆనకట్ట నీళ్లను ఆపింది, అక్విడక్టు నీళ్లను నది దాటించింది. వైనతేయకు అవతల నగరం, రాజోలు వైపు ఉన్న భూములకు కాలువ నీళ్లెలా వెళ్లాలి? మధ్యలో ఏకంగా ఒక నది అడ్డం. అందుకని నది మీద నలభై తొమ్మిది కమానులు కట్టి, వాటి మీద కాలువను నడిపించారు. కిందన నది, పైన కాలువ. నాకు ఏడో ఏట అనుకుంటాను, మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్తూ నాన్న బండి ఆపించి నన్ను దింపారు. గోడ మీద చేతులు పెట్టి ఎత్తి చూపించారు. అటు చూస్తే కాలువ నీళ్లు కొబ్బరాకులు, తుక్కు మోసుకుంటూ నిదానంగా పోతున్నాయి. ఇటు చూస్తే చాలా కింద వైనతేయ, ఇసుక తిన్నెల మధ్య పచ్చగా, దానికి అడ్డంగా. “నీళ్ల మీద నీళ్లు నడుస్తున్నాయి నాన్నా” అన్నానట. ఇంట్లో చాలా ఏళ్లు ఆ మాట చెప్పుకుని మురిసిపోయారు. తర్వాత సున్నం, ఇటుక, కమాను బరువు మోసే తీరు అన్నీ చదువుకున్నాను. ఆ రోజు గోడ మీద నా అరచేతులకు తగిలిన చల్లదనం మాత్రం ఏ పాఠంలోనూ దొరకలేదు.

దాని పక్కనే తర్వాత కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఇంతకన్నా తగిన పేరు లేదు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆవిడ లంకలగన్నవరం కోడలు. అంతర్వేది తీర్థానికి వెళ్లేవాళ్లకీ, రేవు దాటి ఆకలితో వచ్చినవాళ్లకీ, అర్ధరాత్రి అపరాత్రి అనకుండా వండి పెట్టిన తల్లి. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకం వేడుకకు పిలుపు వస్తే, ఇక్కడ వచ్చేవాళ్లకు అన్నం ఎవరు పెడతారని వెళ్లనందని మా వైపు చెప్పుకుంటారు. దారి మీద ఉన్న ఇల్లు కావడం వల్లే ఆవిడ అన్నపూర్ణ అయింది అనుకుంటాను. రేవు దాటించే పంటు తప్పిపోతే మనిషి ఒడ్డున రాత్రంతా పడి ఉండాల్సిన రోజులు అవి. అలాంటి రాత్రి ఒక ఇంట్లో పొయ్యి వెలుగుతోందని తెలియడం ఎంత ధైర్యం! 2024 నుంచి రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. పోటీలో ఈ ప్రశ్న నేను అడగను. పిల్లలే నాకు చెబుతారు, కంచం మీద పేరు కదా.

మా ఊళ్ల పేర్లు కూడా ఒక పాఠమే. లంక అంటే నీళ్ల మధ్య నేల. వక్కలంక, బండారులంక, ఎదుర్లంక, బెండమూర్లంక, బొబ్బర్లంక అని చెప్పుకుంటూ పోతే వేళ్లు చాలవు. తర్వాత కుర్రులు: గంగలకుర్రు, పుల్లేటికుర్రు, బోడసకుర్రు, బిల్లకుర్రు. ఇక ఓడలరేవు అన్న పేరుకు వివరణే అక్కర్లేదు. బెండమూర్లంకలో 18వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ బట్టల వర్తకం చేసేది. యానాం దగ్గర ఇంజరం, నరసాపురం దగ్గర మాడపాలెం కూడా వాళ్ల స్థావరాలే. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ మూడింటినీ పట్టేసుకున్నాడు. మాడపాలెం పేరు మీద ‘మాడపోలం’ అని ఒక రకం నూలుబట్ట ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కింది. గోదారి ఒడ్డు సాలెవాడు నేసిన బట్ట, వాడి ఊరి పేరుతో సీమకు వెళ్లింది.

మాట సంగతి కూడా చెప్పాలి. మా వాళ్లు ‘ఆయ్’ అంటారు. ఔనన్నా ఆయ్, విన్నానన్నా ఆయ్, సరేనండి చేస్తానన్నా ఆయ్. సినిమాల్లో దాన్ని నవ్వుకోవడానికి వాడుకుంటుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఎదుటిమనిషి మాట్లాడుతున్నంతసేపూ ‘నీ మాట నాకు చేరుతోంది’ అని మధ్యమధ్య చెప్పే మర్యాద అది. అవతలి ఒడ్డు నుంచి పడవవాణ్ని కేకేసి పిలిస్తే, పొగమంచులోంచి జవాబుగా వచ్చే ఆ ఒక్క కేక నా చెవుల్లో ఇంకా ఉంది: “ఆయ్! వస్తన్నానండీ!”

సంక్రాంతికి ఎక్కడెక్కడి పిల్లలూ ఇంటికి చేరతారు. మాకు పండగంటే కనుమ. ఆ రోజు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. అక్కడ గుడి లేదు, గోపురం లేదు. ఉత్త కొబ్బరితోట. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు, ఏకాదశ రుద్రులు, ఆ ఒక్క పూట అక్కడ కలుసుకుంటారు. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, మొసలపల్లి, పాలగుమ్మి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, కె. పెదపూడి. తాటి, వెదురు, మర్రి ఊడలు కలిపి విల్లులా వంచి కట్టి, రంగురంగుల బట్టలు చుట్టి, నెమలి ఈకలు, వరికంకులు, గంటలు కట్టి, మధ్యలో స్వామిని నిలబెడతారు. దాన్నే ప్రభ అంటారు. బండి మీద కాదు, భుజాల మీద తీసుకెళ్తారు. మొసలపల్లి భోగేశ్వరుడు ఇంటి పెద్దలా ముందుగా తోటలో ఉంటాడు. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ తోటలోకి అడుగుపెట్టగానే మిగతా ప్రభలన్నింటినీ ఒక్కసారి పైకి లేపుతారు. పెద్దాయన వస్తే లేచి నిలబడడం అన్నమాట.

నాకు తోటలో కన్నా కౌశిక గట్టు మీద నిలబడడం ఇష్టం. గంగలకుర్రు వాళ్ల ప్రభలకు అడ్డంగా ఆ కాలువ ఉంది. వంతెన చుట్టూ తిరిగి వెళ్లే ఆలోచన వాళ్లకు రాదు. పచ్చటి వరిచేలలోంచి నడిచొచ్చి, నేరుగా నీళ్లలోకి దిగుతారు. తమ చేను తొక్కితే మంచిదని రైతులు ఎదురొచ్చి మరీ దారి ఇస్తారు. ఒకసారి గట్టు అంచున నిలబడి దగ్గరగా చూశాను. ముందు వరసలో ఇరవై ఏళ్ల కుర్రాడు. నీళ్లు నడుముకొచ్చాయి, ఛాతీకొచ్చాయి, గెడ్డానికొచ్చాయి. అడుగున బురద, కాలు జారుతోంది. ఒక్క క్షణం తల మునిగింది. దూలం కింద భుజం మాత్రం కదల్లేదు. వెనక నుంచి “శరభా! శరభా!” అని కేక. తల పైకొచ్చింది, మూతి నిండా నీళ్లు ఉమ్మేసి వాడూ “శరభా!” అన్నాడు. పైన గంటలు మోగుతూనే ఉన్నాయి, నెమలి ఈక ఒక్కటి తడవలేదు. అవతలి గట్టెక్కాక భుజం మీద చర్మం చిట్లి నెత్తురు చిమ్మింది. వాళ్లమ్మ కొంగుతో తుడవబోతే “ఉండమ్మా, స్వామి ఇంకా వెళ్లాలి” అన్నాడు. 2023లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటంగా ఈ ప్రభలనే చూపించారు. టీవీ ముందు కూర్చుని చూశాను, సంతోషపడ్డాను. కానీ ఆ శకటం పొడినేల మీద నడిచింది. కౌశిక దాటుతుంటే చూడనివాళ్లకు ప్రభ సగమే తెలుసు.

మా అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు అందరికీ తెలుసు. కురిడీ సంగతి మాత్రం పక్క జిల్లా వాళ్లకు కూడా తెలియదు. ముదిరిన కాయను ఒలవకుండా అటక మీద వేసి ఎనిమిది, పది నెలలు మరిచిపోవాలి. లోపలి నీళ్లు మెల్లగా ఇంకిపోతాయి. కొబ్బరి ఎండి, చిప్పను వదిలేస్తుంది. అయిందో లేదో కళ్లతో చూడ్డానికి లేదు, చెవితో చూడాలి. మా నాన్న ఒక్కో కాయ తీసి చెవి దగ్గర ఊపేవారు. నీళ్లు గలగలమంటే మళ్లీ అటక మీదికి. ఏమీ పలకకపోయినా ఇంకా కాలేదనే లెక్క. ఎండు గుండ్రాయిలా ‘లొటక్’ మని దొర్లితేనే కురిడీ. పగలగొడితే చిన్న మచ్చ లేకుండా, గుండ్రంగా, లోపల నూనె మెరుస్తూ బయటికొచ్చేది. ఉత్తరాది వర్తకులు అదే కావాలంటారు. అటక మీద ఎంత కాయ ఉందో చూసి ఆడపిల్లల పెళ్లి నెల నిర్ణయించుకునేవారు. మా పెళ్లికి నాన్న కురిడీ అమ్మిన రోజు నాకు బాగా గుర్తు. అటక ఖాళీ అయింది, ఇల్లంతా ఒక్కసారి ఎత్తు పెరిగినట్టనిపించింది.

ఆ కొబ్బరి కమ్మలే ఆత్రేయపురం వాళ్ల పొయ్యిలో మంట. పూతరేకు తీసేటప్పుడు మంట ఎగిసి వెంటనే తగ్గాలి, ఎండిన కొబ్బరాకు సరిగ్గా అలాగే మండుతుంది. పొయ్యి మీద బోర్లించిన కుండ, దాని అడుగు అద్దంలా నున్నన. నానబెట్టి రుబ్బిన పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, రెండు చేతులా పట్టుకుని కుండ మీద ఇలా ఒకసారి లాగుతారు. చుయ్ మన్నంతలో రేకు లేస్తుంది. వెలుతురుకు పట్టుకుంటే అవతలి మనిషి మొహం కనబడేంత పల్చన. ఈ పని చేసేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. పొగకు కళ్లు ఎర్రబడతాయి, వేళ్ల చివర్లు మొద్దుబారతాయి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఆ వేళ్లకు వచ్చిందని పిల్లలకు చెబుతాను. పులస గురించి వేరే రాయను. వరదల నెలల్లో సముద్రంలోంచి ఎర్రనీటికి ఎదురీదుతూ గోదారిలోకి వస్తుందని, వచ్చాకే దానికి ఆ రుచీ ఆ పేరూ వస్తాయని తెలుగునాట తెలియనివాళ్లు లేరు.

రెండు తారీఖులు మాత్రం నా చేత ఎవరూ మరిపించలేరు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర చమురు బావి అంటుకుంది. మార్చి 15 దాకా, అరవై ఐదు రోజులకు పైగా, ఆరలేదు. మా పెరట్లో నుంచి చూస్తే ఆకాశం ఒక పక్క ఎప్పుడూ ఎర్రగా ఉండేది. రాత్రి లేదు. కోళ్లు వేళకాని వేళ కూసేవి. తరవాతి ఏడాది 1996 నవంబరు 6 సాయంత్రం తుపాను. తెల్లారేసరికి మా దొడ్లో నలభై చెట్లలో ఆరు నిలబడి ఉన్నాయి. నాటిన చెట్టు కాపుకొచ్చేసరికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. నాన్నకు అప్పటికే వయసు మీదపడుతోంది. నీళ్లు తీసిన వారానికే గొయ్యి తవ్వించి మొక్కలు పెట్టారు. సముద్రం ఒడ్డున వందల మంది జాలర్లు పోయారు. ఆ ఇళ్ల ముందు నిలబడి మా చెట్ల గురించి మాట్లాడడానికి నోరు రాలేదు.

ఇక మనుషులు. మామిడికుదురు పిల్లలు పోటీకొస్తే వాళ్లను తప్పకుండా అడిగే ప్రశ్న బోయి భీమన్న గురించి. 1911లో ఆ ఊరి దళితవాడలో పుట్టి, ‘పాలేరు’ నాటకం రాసి, ‘గుడిసెలు కాలిపోతున్నై’ కావ్యానికి 1975లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న మహాకవి. ‘పాలేరు’ చూసి, పొలం పని మాన్పించి కొడుకులను బడికి పంపినవాళ్లు ఈ సీమలో ఎందరో. అదే సీమలో వేదం నోటికి వచ్చిన ఘనపాఠీల అగ్రహారాలూ ఉన్నాయి. డేవిడ్ నైప్ అనే అమెరికా పండితుడు ఏళ్లతరబడి వాళ్ల ఇళ్లకు వచ్చిపోయి 2015లో ఒక పుస్తకం వేశాడు. ఎదుర్లంకలో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా అయింది, ఆ ఏడే డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టుకుంది. భీమన్ననూ బాలయోగినీ కన్న నేలకు ఆ పేరు తగినదని నా నమ్మకం, తరగతిలో కూడా అదే చెప్పాను.

బాలయోగి గారికి రైలు అంటే ప్రాణం. మా అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు. కాకినాడ నుంచి గౌతమి అవతలి ఒడ్డున కోటిపల్లి దాకా 1928లోనే రైలు నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక 1940లో ఆ పట్టాలు పీకి తీసుకెళ్లిపోయారు. 2004లో మళ్లీ వేశారు. కోటిపల్లి దగ్గర గౌతమి మీద రైలు వంతెన స్తంభాలు నీళ్లలో నిలబడి ఉన్నాయి. పంటులో దాటేటప్పుడు వాటి పక్కనుంచే వస్తాం.

మామ్మ దగ్గర మొదలెట్టాను కదా, ఆవిడ దాటిన రేవు చెప్పాలి. ఆడపిల్లకు పధ్నాలుగేళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదన్న శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. బ్రిటిషు వాళ్ల నేలకే ఆ చట్టం. గౌతమి దాటితే యానాం, అది ఫ్రెంచివాళ్లది. దాంతో గోదావరి జిల్లాల నుంచి పెళ్లివారు పడవలెక్కి యానాం వెళ్లి ముడి వేయించుకుని వచ్చేవారు. 1931లో మా మామ్మకు తొమ్మిదేళ్లు. తెల్లవారుజామున ఎదుర్లంక రేవులో నావ ఎక్కించారు. ఎక్కడికని అడిగితే తీర్థానికన్నారు. మేనత్త ఒళ్లో నిద్రపోయింది. లేచేసరికి అవతలి ఒడ్డు, సన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు మెడలో పసుపుతాడు బరువుగా ఉందని, నీళ్లలో ముంచి ఆడుకుంటుంటే అందరూ కేకలేశారని చెప్పేది. ఆ కథ చెప్పినప్పుడు నవ్వేది కాదు, ఏడ్చేదీ కాదు. “ఆ రేవు దాటకపోతే నేను మా ఊరి బళ్లో రెండో పుస్తకం పూర్తిచేసేదాన్ని” అని మాత్రం అనేది. చట్టం మామ్మ పక్షాన ఉంది. ఒక పాయ నీళ్లు అడ్డొచ్చి అది ఆవిడకు అందలేదు.

ఇప్పుడు ఎదుర్లంక దగ్గర బాలయోగి గారి పేరు మీద వంతెన ఉంది. దిండికి వచ్చింది, బోడసకుర్రుకు వచ్చింది. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి నేటికీ పంటే. బస్సు వంతెన ఎక్కి దిగేలోపు పిల్లలు ఫోనులోంచి తలెత్తరు. అందుకే పోయిన వేసవి పోటీలో ఆఖరి ప్రశ్నకు జవాబు పుస్తకంలో లేకుండా పెట్టాను. మీ అమ్మమ్మో మామ్మో మీ ఊరికి ఏ రేవు దాటి వచ్చింది? ఇంటికెళ్లి అడిగి, రేపు రాసుకురండి.

మర్నాడు ఇరవై ఆరు కాగితాలు వచ్చాయి. కోటిపల్లి తొమ్మిది. ఎదుర్లంక ఐదు. బోడసకుర్రు నాలుగు. దిండి రెండు, సఖినేటిపల్లి రెండు. ఒకడు “మా మామ్మకు గుర్తు లేదంటండి, చీకటంట” అని రాశాడు. ఒకమ్మాయి పడవ బొమ్మ వేసి అందులో పెట్టె మీద కూర్చున్న పెళ్లికూతుర్ని దించింది. ఇంకొకమ్మాయి, “మా అమ్మమ్మ కాకినాడ నుంచి తాతగారి వెనక స్కూటరు మీద వచ్చింది. పంటు మధ్యలో వాన పడింది” అని రాసింది. ఆఖరి కాగితం ఏడో తరగతి పిల్లది. రెండే రెండు ముక్కలు.

“మా మామ్మ రేవు దాటలేదు. మామ్మే పంటు నడిపేది.”